మేపుల్ నీరు, మా ముత్తాత చెరుకు

ఈసారి వ్యాసం కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చదవండి.

పశ్చిమ మసాచుసెట్స్‌లో మా ఇంటి ముందు, రోడ్డు పక్కన, మూడు పాత షుగర్ మేపుల్ చెట్లున్నాయి. మేం ఈ ఇల్లు కొని ఇరవై ఏళ్ళు దాటింది. ఎర్రబడిన ఆకులకు ఫోటోలు తీయడం, రాలాక ఊడవడం, ఇంతే మాకు వాటితో సంబంధం. ఈ ఏడాది ఫిబ్రవరి చివర మొదటిసారి వాటికి గొట్టాలు బిగించాను, నీరు పట్టాను, పాకం కాచాను. పని నేర్చుకుంటూ చరిత్ర కూడా చదివాను. ఆ చదువు నన్ను మా వీధి నుంచి ఫిలడెల్ఫియాకి, అక్కణ్ణుంచి లండన్‌కి, చివరికి నేను పుట్టిన నాటాల్‌కి తీసుకుపోయింది. అందుకే రాస్తున్నాను.

ముందు మాటల సంగతి. నేను డర్బన్‌లో ఇంగ్లీషు బళ్ళో చదివాను. తెలుగు రాయడం అరవై దాటాక నేర్చుకున్నాను. కాబట్టి ఏ పని మొదలుపెట్టినా దానికి తెలుగు మాట ఏమిటా అని వెతుక్కుంటాను. చెట్టుకు రంధ్రం చేసి నీరు పట్టడాన్ని ఇంగ్లీషులో ట్యాపింగ్ అంటారు. తెలుగులో ఏమనాలి? మా గుడి వంటింట్లో నాతో పాటు సేవ చేసే నల్గొండ అమ్మాయిని అడిగాను. "కల్లు గీస్తారు కదా ఆంటీ, అదే. గీత అనండి" అంది. వాళ్ళ ఊళ్ళో ఈత చెట్లకు లొట్టి కట్టి ఉంచేవారట. లొట్టి లోపల సున్నం పూస్తే లోపలి నీరు పులవదు, తియ్యగా నీరాలాగే ఉంటుంది. పూయకపోతే కల్లు అవుతుంది. నీరాను కాచి బెల్లం చేస్తారని కూడా ఆ అమ్మాయే చెప్పింది. తాటి బెల్లం నేను తిన్నాను కానీ అది చెట్టు నీటి నుంచి వస్తుందని అంతవరకు ఆలోచించలేదు.

అయితే మేపుల్‌ని ఇప్పుడు గీయరు, తొలుస్తారు. నేలకు నాలుగడుగుల ఎత్తులో, డ్రిల్లుతో 8 మిల్లీమీటర్ల రంధ్రం, లోతు సుమారు 4 సెంటీమీటర్లు, నీరు బయటికి జారేలా కొంచెం ఏటవాలుగా. అందులో చిన్న గొట్టం బిగించి బకెట్ తగిలించి మూత పెట్టాలి. చెట్టు మాను కనీసం 12 అంగుళాల అడ్డుకొలత ఉండాలి. 18 దాటితే రెండు గొట్టాలు పెట్టవచ్చు. మా చెట్లలో ఒకటే అంత లావు. మొత్తం నాలుగు గొట్టాలు.

నీరు ఎప్పుడు పడితే అప్పుడు రాదు. రాత్రి గడ్డకట్టాలి, పగలు కరగాలి. మేపుల్ కలపలోని నారల్లో గాలి ఉంటుంది. రాత్రి చలికి మంచు పేరుకుంటే ఆ గాలి నొక్కుకుపోతుంది, చెట్టు వేళ్ళ నుంచి నీరు పైకి పీల్చుకుంటుంది. పొద్దున ఎండకి మంచు కరగగానే నొక్కుకున్న గాలి విప్పుకుని నీటిని బయటికి తోస్తుంది. మొదటి రోజు పది గంటలకు మా బకెట్లో టక్ టక్ మని చుక్కలు పడుతుంటే నేను కోటు వేసుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. నోట్లో వేసుకుంటే మంచినీళ్ళే, చివర్లో ఒక సన్నని తీపి. అందులో చక్కెర నూటికి రెండు పాళ్ళే ఉంటుంది. అందుకే నలభై లీటర్ల నీరు కాస్తే ఒక్క లీటరు పాకం.

ఈ నలభైకి ఒకటి ఎందుకయిందో అనిషినాబే ప్రజల కథ ఒకటి ఉంది. ఓజిబ్వే వాళ్ళు అంటే మీకు బాగా తెలుస్తుంది. పూర్వం మేపుల్ నుంచి నేరుగా చిక్కటి పాకమే కారేదట. జనం పని మానేసి చెట్ల కింద పడుకుని నోళ్ళు తెరుచుకున్నారట. నానబోజో అనే మహిమగలవాడు అది చూసి, చెట్ల నిండా నీళ్ళు పోసి పాకాన్ని పల్చన చేశాడు. కష్టపడి కాచుకోండి అన్నాడు. నలభై లీటర్లు కాచేటప్పుడు నానబోజోని రెండు మాటలు అనాలనిపిస్తుంది.

కానీ ఆ కథ చెప్పే ముఖ్య విషయం వేరే ఉంది. ఈ పని ఐరోపా వాళ్ళు కనిపెట్టింది కాదు. ఓజిబ్వే, హోడెనొషోనీ, అబెనాకి, మిక్‌మాక్ ప్రజలు వాళ్ళకంటే ముందే చేశారు. మానుకు గొడ్డలితో ఏటవాలుగా గాటు పెట్టి, కింద ఒక చెక్క ముక్క దిగ్గొట్టి, బర్చ్ చెట్టు బెరడుతో కుట్టిన గిన్నెల్లోకి నీరు పట్టేవారు. అంటే అచ్చంగా గీతే! నల్గొండ అమ్మాయి మాట ఇక్కడ సరిగ్గా సరిపోయింది. కొయ్య తొట్టిలో నీరు పోసి, నిప్పులో కాల్చిన రాళ్ళు అందులో వేసి మరిగించేవారు. రాత్రి బయట పెట్టి పైన కట్టిన మంచుగడ్డను పొద్దున తీసి పారేసేవారు. చక్కెర అడుగున మిగులుతుంది కాబట్టి సగం పని చలే చేసిపెడుతుంది. నేను కూడా ఈ మంచు ఉపాయం వాడాను, కట్టెలు కొంత మిగిలాయి. వాళ్ళకు కావలసింది పాకం కాదు, గట్టి చక్కెర. పాకం ఎక్కువ రోజులు నిలవ ఉండదు, చక్కెర గడ్డలు బెరడు డబ్బాల్లో ఏడాది పొడుగునా ఉంటాయి. చక్కెర కాచే నెలకి ఓజిబ్వే భాషలో ఆ పనిని బట్టే పేరుంది. మనకి చైత్రం, వైశాఖం ఉన్నట్టు వాళ్ళకి పాకం కాచే నెల. ఫ్రెంచి, ఇంగ్లీషు వలసదారులు ఈ పనిని వాళ్ళ దగ్గరే నేర్చుకున్నారు. వాళ్ళు తెచ్చింది ఇనుప కాగులు, తర్వాత బర్మాలు.

ఇక ఫిలడెల్ఫియా. నాకు నిద్రపట్టకుండా చేసిన భాగం ఇదే.

1700ల చివర్లో అమెరికా, ఐరోపా తినే చక్కెరలో చాలాభాగం కరీబియన్ దీవుల చెరుకు తోటల నుంచి వచ్చేది. ఆ తోటల్లో పనిచేసింది ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చిన బానిసలు. ఫిలడెల్ఫియాలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ వాళ్ళు, ఇంకొందరు, ఈ చక్కెర తినకూడదని అనుకున్నారు. మరి దాని బదులు? వాళ్ళ దృష్టి మేపుల్ మీద పడింది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన వైద్యుడు బెంజమిన్ రష్ 1791లో థామస్ జెఫర్సన్‌కి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. విషయమంతా షుగర్ మేపుల్ చెట్టు గురించే. ఉత్తరాది అడవుల్లో కొద్ది భాగం చాలు, దేశానికంతా చక్కెర వస్తుంది, బానిసల చెమట అక్కర్లేదు అని అతని లెక్క. దీన్ని బయటికి కూడా పంపితే కరీబియన్ చెరుకుకి గిరాకీ పోతుందని, దాంతో బానిసత్వమే కూలుతుందని ఆశ. హెన్రీ డ్రింకర్ అనే క్వేకర్ వర్తకుడు, విలియం కూపర్ అనే భూస్వామి కలిసి న్యూయార్క్ రాష్ట్రంలో ఆట్సెగో సరస్సు దగ్గర దీన్ని వ్యాపారంగా పెట్టారు. వలస రైతులకు కాగులిచ్చి చక్కెర వండించారు. 1791 ఆగస్టులో సెయింట్ డొమింగో దీవిలో బానిసలు తిరగబడ్డారు, చక్కెర ధర పెరిగింది. మేపుల్‌కి అంతకన్నా మంచి సమయం దొరకదు.

జెఫర్సన్‌కి కూడా ఈ ఆలోచన బాగా నచ్చింది. 1790లోనే ఒక ఇంగ్లీషు మిత్రుడికి రాస్తూ, బానిసలతో చేయించే చక్కెర బదులు పిల్లల చేత కూడా అయ్యే తేలిక పనితో చక్కెర వస్తుందని సంతోషపడ్డాడు. 1791లో మేడిసన్‌తో కలిసి వెర్మాంట్ వరకు తిరిగి వచ్చాడు. న్యూయార్క్ దగ్గర ఫ్లషింగ్‌లోని నర్సరీ నుంచి మేపుల్ మొక్కలు తెప్పించి వర్జీనియాలో తన మాంటిచెల్లోలో నాటించాడు. అవి బాగా రాలేదు. వర్జీనియా శీతాకాలం వాటికి చాలలేదు. ఆ నాటించాడు అన్న క్రియ చూడండి. ఎవరి చేత? తన జీవితంలో ఆరువందల మందికి పైగా మనుషులు అతని ఆస్తిగా ఉన్నారు. బానిసల అవసరం లేని చక్కెర కోసం తెచ్చిన మొక్కల చుట్టూ మట్టి తవ్విన చేతులు ఎవరివో ఊహించడం కష్టం కాదు. తెలుగులో ఈ "ఇంచు" ప్రత్యయం నేర్చుకున్నప్పుడు వ్యాకరణం అనుకున్నాను, ఇందులో ఇంత చరిత్ర ఉందని అనుకోలేదు.

వ్యాపారం కూడా నిలబడలేదు. ఎందుకో నాలుగు గొట్టాల మనిషిని, నాకే అర్థమయింది. మేపుల్ కాలం నాలుగు నుంచి ఆరు వారాలు. రాత్రులు వెచ్చగా ఉంటే నీరు రాదు, పగళ్ళు కరగకపోతే రాదు. చెట్లు అడవిలో దూరదూరంగా ఉంటాయి, మోకాళ్ళ లోతు మంచులో బరువైన కడవలు మోయాలి. కట్టెలు కొండంత కావాలి. డచ్ పెట్టుబడిదారుల తరఫున గెరిట్ బోన్ అనే అతను 1790లలో చెట్ల నుంచి కొయ్య కాలువలు వేసి నీటిని నేరుగా కాగుల దగ్గరికి పారించాలని చూశాడు. కాలువలు వంకరపోయి కారిపోయాయి, డబ్బంతా పోయింది. (నిజానికి ఆలోచన తప్పు కాదు. 1950ల చివర్లో ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాక ఇవాళ పెద్ద తోటలన్నీ అలాగే నడుస్తున్నాయి.)

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ పుణ్యకార్యం జరిగిన ఆట్సెగో ఎవరిది? 1779లో వాషింగ్టన్ పంపిన సైన్యం హోడెనొషోనీ ప్రజల ఊళ్ళు నలభైకి పైగా తగలబెట్టింది. మొక్కజొన్న చేలు, పళ్ళతోటలు నరికేసింది. అందులో ఒక దళం సరిగ్గా ఆట్సెగో సరస్సు చివర విడిది చేసి, నీటికి అడ్డుకట్ట కట్టి, దాన్ని తెంచి ఆ వరద మీద పడవల్లో దిగింది. కూపర్ తన ఊరు కట్టింది అక్కడే. చక్కెర వండడం నేర్పినవాళ్ళని వెళ్ళగొట్టి, ఆ చెట్ల కిందే కల్మషం లేని చక్కెర వండారు.

లండన్‌లో అదే సంవత్సరం ఇంకో కథ నడిచింది. 1791లో బానిస వ్యాపారాన్ని ఆపే బిల్లు పార్లమెంటులో ఓడిపోయింది. జనం కోపంతో కరీబియన్ చక్కెర మానేశారు. మూడు లక్షల మంది మానేశారని థామస్ క్లార్క్‌సన్ అంచనా. వాళ్ళకి మేపుల్ లేదు, వాళ్ళకి దొరికింది ఇండియా. ఈస్టిండియా చక్కెర, బానిసలు చేయనిది అని అంగళ్ళవాళ్ళు చెప్పుకున్నారు. తర్వాత 1820లలో ఆ మాట చక్కెర గిన్నెల మీద బంగారు అక్షరాలతో రాయించుకుని టీ బల్లల మీద పెట్టుకున్నారు. ఆ గిన్నెలు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. ఇండియాలో పొలాల్లో తరతరాలుగా కట్టుబడి పనిచేసే మనుషులు అప్పుడు లేరా? ఉన్నారు. కంపెనీ ప్రభుత్వపు కోర్టులు బానిసత్వాన్ని గుర్తించకూడదని చట్టం వచ్చింది 1843లో. గిన్నె మీద అక్షరాలు అంతకుముందువి.

ఇప్పుడు మా ఇంటి కథలోకి వస్తాను. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం 1834లో రద్దయింది. చెరుకు మాత్రం రద్దు కాలేదు. దాన్ని నరికేవాళ్ళు కావాలి. అదే 1834లో ఒప్పందం కూలీలు మారిషస్‌కి మొదలయ్యారు. గోదావరి దగ్గర కోరంగి రేవు నుంచి ఎందరు వెళ్ళారంటే, మారిషస్‌లో తెలుగువాళ్ళకి కోరంగీలు అనే పేరే పడిపోయింది. తర్వాత నాటాల్. 1860 అక్టోబరు 12న ట్రూరో అనే ఓడ మద్రాసులో బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు మొత్తం 1,52,184 మంది వెళ్ళారు. ఎక్కువమంది మద్రాసు నుంచే, తమిళులు, తెలుగువాళ్ళు. ఐదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంపు. ఒక్కొక్కరికీ ఒక నంబరు.

మా ముత్తాత ఆ నంబర్లలో ఒకరు. విశాఖపట్నం జిల్లా నుంచి వెళ్ళారు. ఆయన ఊరి పేరు కాగితంలో గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు, అందుకని ఏ ఊరో పటంలో పట్టుకోలేకపోయాం. జిల్లా మాత్రం స్పష్టంగా ఉంది. అనకాపల్లి బెల్లం అప్పట్లో ఆ జిల్లాదే. చెరుకు, గానుగ, పెనం అన్నీ ఆయన చూసి పెరిగినవే అయివుండాలి. తెలిసిన పంట కోసం తెలియని దేశానికి వెళ్ళారు. ఒప్పందం అయ్యాక అక్కడే ఉండిపోతే? 1895 చట్టంతో కొత్తగా వచ్చేవాళ్ళ మీద తలకి ఏటా 3 పౌన్ల పన్ను వేశారు, మళ్ళీ ఒప్పందం రాసుకోవాలి లేదా తిరిగి పోవాలి అని. నెలకి 10 షిల్లింగులతో మొదలైన మనిషికి 3 పౌన్లు ఆరు నెలల జీతం. ఆ పన్ను 1913 సమ్మె తర్వాత, 1914లో పోయింది.

మా నాయనమ్మ ఇంట్లో చక్కెరని "షుగర్" అనేది, బెల్లాన్ని మాత్రం "బెల్లం" అనేది. చిన్నప్పుడు అదేదో అలవాటు అనుకునేదాన్ని. షుగర్ మిల్లుది, బెల్లం ఇంటిది. మా తాత తన జీవితంలో చెరుకు ముక్క నమిలి మేం చూడలేదు. సంక్రాంతికి దేవుడి ముందు పెట్టేవాడు, పిల్లలకి ఇచ్చేవాడు, తను తినేవాడు కాదు. ఎందుకని అడిగే వయసులో మేం అడగలేదు.

రష్ ఉత్తరం చదివాక నేను లెక్క వేసుకున్నాను. ఒకవేళ అతని మేపుల్ కల నిజమై, ప్రపంచం చెరుకు మానేసి ఉంటే, ట్రూరో ఓడ బయల్దేరేది కాదు. నేనూ ఉండేదాన్ని కాదు, వేరే ఎవరో అనకాపల్లి పక్కన తెలుగు తప్పుల్లేకుండా మాట్లాడుతూ ఉండేవారు. అది మంచిదా చెడ్డదా నేను తేల్చలేను. కానీ మేపుల్ చక్కెర పవిత్రం, చెరుకు చక్కెర పాపం అని ఎవరైనా తేలిగ్గా చెబితే ఇప్పుడు నేను ఒప్పుకోను. పాపం ఎప్పుడూ మొక్కది కాదు.

మేపుల్ చక్కెర తర్వాత ఏమయిందో త్వరగా చెప్పేస్తాను. ఉత్తరాది రైతులు ఇంటి అవసరానికి వండుకుంటూనే ఉన్నారు, అంతర్యుద్ధానికి ముందు బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్ళు దాన్నే కొన్నారు. 1860 జనాభా లెక్కల్లో దేశం మొత్తం దాదాపు 4 కోట్ల పౌండ్ల మేపుల్ చక్కెర నమోదయింది. ఆ తర్వాత తెల్ల చక్కెర చవకయింది. 1890 సుంకాల చట్టం విదేశీ ముడి చక్కెర మీద పన్ను తీసేసింది. గడ్డ చక్కెరగా మేపుల్ పోటీ పడలేకపోయింది. రేకు డబ్బాలు, వెడల్పు పళ్ళెం పొయ్యిలు అప్పటికే వచ్చాయి కాబట్టి పాకంగానే అమ్మడం మొదలుపెట్టారు. అట్టు మీద పోసుకునే ఖరీదైన వస్తువు అలా అయింది. ఇవాళ ప్రపంచంలో మూడింట రెండు వంతులకు పైగా కెనడాలోని క్విబెక్ నుంచే వస్తుంది.

మళ్ళీ నా పొయ్యి దగ్గరికి. నాలుగు శనివారాలు బయట కట్టెల పొయ్యి మీద కాచాను. ఇంట్లో కాయకండి, ఆవిరికి గోడలు జిడ్డుకడతాయి. నీరు పాలలాంటిది, నిలవ ఉంటే చెడుతుంది, డబ్బాలు మంచులో పూడ్చి పెట్టాను. పాత అంగట్లో దొరికే బకెట్లు అందంగా ఉంటాయి కానీ అతుకుల్లో సీసం ఉండవచ్చు, వద్దు. పాకం 104 డిగ్రీల దగ్గర సిద్ధం, మన తీగ పాకానికి కొంచెం ముందే. గరిటె ఎత్తితే అంచు నుంచి చుక్కలుగా కాక పల్చటి పొరలా జారాలి. చివర్లో సన్నని ఇసుకలాంటి మడ్డి దిగుతుంది, అది చెట్టులోని ఖనిజాలు, మందపాటి గుడ్డలో వడకట్టాలి.

పొంగు గురించి గుడివాళ్ళు తప్పక తెలుసుకోవాలి. పాకం పాలలాగే పొంగుతుంది. పొంగు అణచడానికి పాతకాలం వాళ్ళు కాగు మీద ఒక పంది కొవ్వు ముక్క వేలాడదీసేవారు. నురగ దాన్ని తాకగానే దిగిపోతుంది. కొందరు వెన్న వేసేవారు. ఇప్పుడు ఎక్కువగా మొక్కల నూనెలే వాడుతున్నా, నైవేద్యానికి కొనేటప్పుడు అడగడం మంచిది. నేను ఒక చుక్క నెయ్యి వేశాను. కాబట్టి పొంగలికి వాడవచ్చని మా పూజారిగారు అన్నారు. ఆయనకి తెలుసు, మామూలు తెల్ల చక్కెరని కొన్ని మిల్లులు ఎముకల బొగ్గుతో వడకడతాయని. అందుకే మా వంటింట్లో బెల్లమే ఎక్కువ.

ఏప్రిల్ మొదటి వారంలో మొగ్గలు ఉబ్బాయి. ఆ తర్వాత వచ్చే నీటితో పాకం చేస్తే ఒక రకమైన చేదు వాసన. గొట్టాలు తీసేశాను. మొత్తం 130 లీటర్ల నీరు, 3 లీటర్ల పైన పాకం. డర్బన్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా" అని పిలిచి, మిగతాదంతా ఇంగ్లీషులో లెక్క అడిగాడు. కట్టెలకి ఎంతయింది, సీసా ఎంత పడింది అని. ఒక సీసా పంపమన్నాడు. పంపుతున్నాను.

రంధ్రాలను మూయనక్కర్లేదు, చెట్టే ఒకటి రెండేళ్ళలో మూసుకుంటుంది. కానీ ఆ చోట కలప మళ్ళీ నీరు ఇవ్వదు. వచ్చే ఫిబ్రవరిలో పాత రంధ్రానికి కొన్ని అంగుళాలు పక్కకి, పైకో కిందికో జరిగి తొలవాలి. గుర్తుకోసం మూడు మానులకూ సుద్దతో గీతలు పెట్టాను.